నిలబడి కాల్చేటప్పుడు గుళ్లన్నీ ఎడమకే పోతున్నాయి: లోపం నిలుపులోనా, సైట్‌లోనా?

ప్రశ్న అడిగినవారు (మారుపేరుతో): తొమ్మిదో వలయం

అందరికీ నమస్కారం. నేను 8 నెలలుగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తున్నాను. నాది కుడిచేతి వాటం, బలమైన కన్ను కూడా కుడిదే. మొదటి 5 నెలలు బల్ల మీద దిండు వేసి, దాని మీద రైఫిల్ ఆనించి కాల్చడం నేర్పారు. అప్పుడు నా గుళ్లు దాదాపు ఒకే చిల్లులో పడేవి. నిలబడి కాల్చడం మొదలుపెట్టి 3 నెలలైంది. ఇప్పుడు ప్రతి 10 గుళ్లలో 6, 7 గుళ్లు తొమ్మిదో వలయం దాటి ఎడమ పక్కకే పోతున్నాయి. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ముందు సైట్ (గొట్టం కొసన ఉండే గురి చూసే అమరిక) రింగు మధ్యలో నల్లచుక్క చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, తీరా చూస్తే గుండు ఎడమన పడి ఉంటుంది. సైట్ తప్పేమోనని దాని మరను 6 క్లిక్కులు తిప్పి చూశాను. ఆ తరువాత కొన్ని కుడికి, కొన్ని ఎడమకు పడి, ఉన్న గ్రూప్ (గుళ్లు పడిన గుంపు) కూడా చెదిరిపోయింది.

15 గుళ్లు దాటేసరికి ఎడమ భుజం మండుతుంది, ముంజేయి వణుకుతుంది. డంబెల్స్ ఎత్తితే చేయి గట్టిపడి నిలకడ వస్తుందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. మొన్న గురి ఎంతకీ కుదరక, రైఫిల్ భుజానికి ఆనించి ఉండగానే వెనక్కి తిరిగి మా కోచ్‌ను పిలిచాను. అందులో గుండు లేదు. అయినా ఆయన గట్టిగా మందలించి, ఆ రోజుకు నన్ను లైను మీద నుంచి పంపేశారు. అడగాలనుకున్నది అడగకుండానే ఇంటికి వచ్చాను కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. మా మామయ్యకు వేట లైసెన్సు, .308 రైఫిల్ (పెద్ద తూటాలది) ఉన్నాయి. వచ్చే వేట కాలంలో తనతో రమ్మంటున్నారు. రేంజ్‌లో నేర్చుకుంటున్న ఈ నిలుపు అక్కడ పనికి వస్తుందా?

జవాబు: మోకాలి దిండు

మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. బల్ల మీద ఆనించినప్పుడు గుళ్లు ఒకే చిల్లులో పడ్డాయంటే రైఫిల్‌లో గాని సైట్‌లో గాని దోషం లేదు. నిలబడగానే ఎడమకు పోతున్నాయంటే మీ శరీరం తనంతట తాను టార్గెట్‌కు ఎడమగా తిరిగి ఉందని, మీరు దాన్ని చేతి కండరాలతో కుడికి నెట్టి నల్లచుక్క మీద నిలబెడుతున్నారని అర్థం. ట్రిగ్గర్ నొక్కే సమయానికి మనసు వేలి మీదికి పోతుంది, ఆ నెట్టుడు లిప్తపాటు సడలుతుంది, రైఫిల్ తనకు నచ్చిన చోటికి వెళ్లిపోతుంది. ఎయిర్ రైఫిల్ గుండు నెమ్మదిగా పోతుంది, గొట్టంలో ఉండే సమయం చిన్న తూటాలు కాల్చే .22 రైఫిల్‌లో కంటే ఎక్కువ, కాబట్టి అంత చిన్న సడలింపు కూడా టార్గెట్ మీద కనబడుతుంది. సైట్ తిప్పినప్పుడు గ్రూప్ చెదిరిపోవడానికి కారణం కూడా ఇదే: నెట్టుడు సడలిన గుళ్లు ఒకచోటికి, సడలని గుళ్లు మరొకచోటికి పోయాయి. ముందు ఆ 6 క్లిక్కులు వెనక్కి తిప్పేయండి.

ఇక సహజ గురిని చూసుకోవాలి. రైఫిల్‌లో గుండు లేకుండా, టార్గెట్ వైపే గొట్టం మూతి ఉంచి, మామూలుగా నిలుపులోకి వచ్చి గురి పెట్టండి. కళ్లు మూసుకుని రెండు మూడు సార్లు ఊపిరి తీసి వదలండి. భుజాలు, ఎడమ చేయి, మెడ, ఒక్కొక్కటిగా వదులు చేసుకోండి. ఇప్పుడు కళ్లు తెరిచి, దేన్నీ సరిదిద్దకుండా, రైఫిల్ ఎక్కడికి చూస్తోందో గమనించండి. అది మీ సహజ గురి. మీ విషయంలో అది నల్లచుక్కకు ఎడమన ఉంటుందని నా అంచనా. దాన్ని చేతులతో సరిచేయకూడదు, పాదాలతో సరిచేయాలి. ఎడమ పాదాన్ని ఇరుసుగా ఉంచి కుడి పాదాన్ని కొద్దిగా వెనక్కి, అంటే మీ వీపు వైపుకు జరిపితే నడుము, భుజాలు, రైఫిల్ అన్నీ కలిసి కుడికి తిరుగుతాయి. కొత్తవాళ్లందరూ ఇక్కడ పాదాన్ని మరీ ఎక్కువగా జరుపుతారు. పాదాల మధ్య 40 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, వెనక పాదం ఒక సెంటీమీటరు జరిగేసరికి 10 మీటర్ల దూరంలో గురి 25 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మీ టార్గెట్ మీద నల్లని భాగమంతా కలిపి 30.5 మిల్లీమీటర్లే, పదో వలయం అరమిల్లీమీటరు చుక్క. కాబట్టి పాదం ఎత్తి పెట్టవద్దు, మడమను నేల మీదే వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ కళ్లు మూసుకుని పరీక్షించండి. నేను ఇప్పటికీ ప్రతి 10 గుళ్లకు ఒకసారి ఈ పరీక్ష చేసుకుంటాను, ఎందుకంటే అలసటతో నడుము తెలియకుండానే తిరుగుతుంది.

భుజం మంట గురించి చెబుతాను. నిలబడి కాల్చేటప్పుడు రైఫిల్ బరువును మోయవలసింది ఎముకలు, కండరాలు కాదు. రైఫిల్ బరువు అరచేతి నుంచి మణికట్టుకు, ముంజేయి ఎముక మీదుగా మోచేతికి, మోచేతి నుంచి తుంటి ఎముకకు, అక్కడి నుంచి ఎడమ కాలి గుండా నేలలోకి దిగాలి. అలా దిగాలంటే ఎడమ మోచేయి రైఫిల్‌కు సరిగ్గా కింద ఉండి, తుంటి ఎముక అంచు మీద గాని, చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు పక్కటెముకల మీద గాని కూర్చోవాలి. పాదాలు భుజాలంత ఎడంగా, గురి రేఖకు దాదాపు అడ్డంగా పెట్టి, ఎడమ తుంటిని టార్గెట్ వైపుకు కొంచెం నెట్టి, నడుము పైభాగాన్ని వెనక్కి, కొద్దిగా కుడికి వాల్చండి. మోకాళ్లు నిటారుగా ఉండాలి గాని బిగుసుకుపోకూడదు. ఈ వెనక్కి వాలడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకు అద్దం ముందు నిలబడితే గర్భిణి నడిచినట్టుగా తోచింది. కాని ముందున్న రైఫిల్ బరువుకు వెనకనున్న ఒంటి బరువు తూకమై నిలుస్తుంది. ఇప్పుడు మీ మోచేయి గాలిలో ఉందని, రైఫిల్‌ను మీ భుజం మోస్తోందని ఆ మంట చెబుతోంది.

తలను రైఫిల్ దగ్గరికి తీసుకువెళ్లవద్దు, రైఫిల్‌నే ముఖం దగ్గరికి తెచ్చుకోండి. తల ఒరిగితే చెవిలోని తూకం తప్పుతుంది, కన్ను కూడా ఓరగా చూడవలసి వస్తుంది. ఊపిరి సగం వదిలి ఆపి, 6 నుంచి 8 సెకన్ల లోపల గుండు వెళ్లకపోతే రైఫిల్ దించండి. ఇంకా పట్టుకు కూర్చుంటే కన్ను అలసి, అప్పటికే చెదిరిన గురిని కూడా కుదిరినట్టే చూపిస్తుంది. మీరు రాసిన "చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది" అన్న మాటలో ఇది కూడా కొంత ఉండవచ్చు.

జవాబు: లైను కాపరి

నిలుపు గురించి పైన చెప్పినదానికి నేను చేర్చవలసినది లేదు. మీరు ప్రశ్న మధ్యలో ఒక వాక్యంలో దాటించిన విషయం గురించి మాత్రం రాయాలి. నేను చాలా ఏళ్లుగా రేంజ్‌లో లైను బాధ్యత చూస్తున్నాను. మీ కోచ్ స్థానంలో నేను ఉన్నా మిమ్మల్ని ఆ రోజుకు పంపేసేవాడినే.

"అందులో గుండు లేదు" అని మీరు రాశారు. ఆ సంగతి మీకు తెలుసు. మీ వెనక నిలబడినవారికి, పక్క లైనులో వంగి గుండు పెడుతున్న పిల్లవాడికి, మీ కోచ్‌కు తెలియదు. వాళ్లు చూసింది తమ ఛాతీ మీదుగా తిరిగిన ఒక మూతిని మాత్రమే. అందుకే ప్రతి తుపాకీని గుండు ఉన్నదానిగానే చూడాలన్న నియమానికి ఎయిర్ రైఫిల్ అని, ఖాళీ అని మినహాయింపులు పెట్టుకోము. నాకు బాగా గుర్తున్న ఒక సంఘటన చెబుతాను. ఒక సాయంత్రం సాధన ముగిశాక ఒక కుర్రవాడు తన .22 రైఫిల్‌ను ఖాళీదే అంటూ బల్ల మీద నుంచి ఎత్తాడు. బోల్ట్ (తూటా పెట్టే చోటును మూసే కడ్డీ) తెరవమన్నాను. తెరవగానే ఒక తూటా, ఇత్తడి మెరుస్తూ, కాల్చనిది, చాపమీద నా బూటు పక్కన పడింది. అప్పుడు ఆ మూతి టార్గెట్ వైపే ఉంది కాబట్టి మేమిద్దరమూ మౌనంగా దాన్ని చూడగలిగాము. ఆ కుర్రవాడు అబద్ధం చెప్పలేదు, ఖాళీదేనని నిజంగా నమ్మాడు.

సందేహం వస్తే చేయవలసింది ఇది. మూతిని టార్గెట్ వైపే ఉంచి, వేలిని ట్రిగ్గర్ గార్డు బయటికి తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్‌ను (తూటా ఉండే గూడును) కంటితో చూసి, అది ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, రైఫిల్‌ను బల్ల మీద దించిన తరువాతనే వెనక్కి తిరగండి. లేదా నిలుపులో ఉండగానే చేయి ఎత్తండి, మేము వస్తాము. సేఫ్టీ మీట పెట్టాను కదా అని వేలిని ట్రిగ్గర్ మీద ఉంచడం కూడా తప్పే, ఎందుకంటే మీట యంత్రభాగం, అది అరుగుతుంది, విఫలమవుతుంది. గురి కుదిరి కాల్చాలని నిర్ణయించేవరకు వేలికి ట్రిగ్గర్‌తో పని లేదు. నొక్కినా పేలకపోతే మూతిని అటే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాత బోల్ట్ తెరవండి. చప్పుడు మామూలుకంటే బలహీనంగా వినిపిస్తే ఇంకొకటి కాల్చకండి, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు.

సహజ గురి పరీక్షకు ఒక చిన్న అలవాటు కలపమని కోరుతున్నాను. కళ్లు తెరవగానే మొదట మీ లైను అంకె చూడండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ (మూడు భంగిమల పోటీ) ఫైనల్ చివరి గుండు వరకు ముందంజలో ఉన్న అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ ఆ గుండును పక్క లైను టార్గెట్ మీద కాల్చాడు. దానికి సున్నా వచ్చి ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. గురి, ఊపిరి, వేలు అన్నీ కుదిరినా చూడవలసిన అంకె చూడకపోతే అంత అనుభవమున్నవాడికీ అలా జరుగుతుంది.

జవాబు: అడవిదారి

మామయ్యతో వేటకు వెళ్లే విషయం గురించి రాస్తున్నాను. చట్టం అనుమతించిన చోట, అనుమతించిన జంతువుకు మాత్రమే అన్న షరతు మీకు తెలిసే ఉంటుంది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

రేంజ్ నిలుపు అడవిలో యథాతథంగా పనికిరాదు. రేంజ్‌లో వేసుకునే గట్టి జాకెట్టు, సమతలమైన నేల, కావలసినంత సమయం అక్కడ ఉండవు, .308 వెనక్కి తన్నే తన్నుకు వెనక్కి వాలిన ఒళ్లు తూలిపోతుంది. పెద్ద రైఫిల్‌తో నిలబడి కాల్చవలసి వస్తే కొంచెం ముందుకు వంగి, బట్‌ను (రైఫిల్ వెనక కొసను) భుజం గుంటలో గట్టిగా ఇమిడ్చి పట్టుకోవాలి. కాని నిలబడి కాల్చడం వేటగాడికి చిట్టచివరి మార్గం. నేలకు ఎంత దగ్గరైతే అంత నిలకడ. పడుకోగలిగితే పడుకోండి, గడ్డి అడ్డమొస్తే కూర్చోండి, అదీ కుదరకపోతే ఒక మోకాలి మీద దిగండి. కూర్చున్నప్పుడు గాని, మోకాలి మీద ఉన్నప్పుడు గాని మోచేతి మొనను మోకాలి చిప్ప మీద పెట్టకండి. ఎముక మీద ఎముక గోలీ మీద గోలీలా దొర్లుతుంది. మోచేతికి కాస్త పైనున్న మెత్తని భాగాన్ని మోకాలికి ఆనించండి. పైన చెప్పిన సహజ గురి మాత్రం ఈ భంగిమలన్నిటికీ అక్షరాలా వర్తిస్తుంది. పడుకున్నప్పుడు పాదాలకు బదులు ఎడమ మోచేతిని ఇరుసు చేసుకుని ఒళ్లంతా జరపాలి, అంతే తేడా.

ఆనుకోవడానికి ఏది దొరికినా వదలకండి, చెట్టు మొదలు, వీపు సంచి, మూడు కర్రల ఊత, ఏదైనా సరే. అయితే రైఫిల్ చెక్క భాగాన్నే ఆనించండి, గొట్టాన్ని ఆనించకండి. గట్టి రాయి మీద నేరుగా పెడితే పేలగానే రైఫిల్ ఎగిరి గుండు పైకి పోతుంది, కాబట్టి మధ్యలో మీ చేతిని గాని, మడిచిన చొక్కాను గాని ఉంచండి.

స్కోప్‌కు (రైఫిల్ మీద బిగించే దూరదర్శినికి), కంటికి మధ్య 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఈ పాఠం నేను నేర్చుకున్న తీరు ఇప్పటికీ నా కుడి కనుబొమ మీద నెలవంకలా ఉంది. గట్టు కింద పడుకుని పైనున్న జంతువుకు గురి పెట్టాను. అలా పైకి చూసేటప్పుడు తల తెలియకుండానే ముందుకు జరుగుతుంది. రైఫిల్ పేలడం, స్కోప్ అంచు కనుబొమను చీల్చడం ఒకేసారి జరిగాయి, రక్తం కంట్లోకి దిగి కాసేపు ఏమీ కనబడలేదు. ఆ జంతువుకు తగిలిందో లేదో కూడా నేను చూడలేకపోయాను. గాయపడిన జంతువు పొదల్లో ఉందేమోనన్న బాధతో ఆ సాయంత్రమంతా వెతికాము. తగలలేదని చివరికి తేలింది గాని, ఆ వెతుకులాట నాకు గాయం కంటే ఎక్కువ గుర్తుంది.

అందుకే ఒక కొలత పెట్టుకున్నాను. మధ్యస్థమైన జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంత వెడల్పు కాగితాన్ని పెట్టి, కూర్చుని కొంత, మోకాలి మీద కొంత, నిలబడి కొంత కాల్చి చూసుకోండి. ఏ భంగిమలో ఏ దూరం వరకు 5కు 5 గుళ్లు ఆ కాగితంలో పడతాయో ఆ భంగిమకు అదే మీ హద్దు. కొండ ఎక్కి వచ్చి రొప్పుతున్నప్పుడు ఆ హద్దు సగానికి తగ్గుతుందని ఒప్పుకోవాలి. హద్దు దాటితే కాల్చకుండా తిరిగి రావాలి.

లైను కాపరి గారు రేంజ్‌లో చెప్పినవన్నీ అడవిలో రెట్టింపు అవసరం. కంచె దాటేముందు, చెట్టు ఎక్కేముందు, వాగు దాటేముందు గుళ్లు తీసేయండి. పొదలో కదిలినది ఏమిటో చూడడానికి స్కోప్ వాడకండి, బైనాక్యులర్ వాడండి. స్కోప్‌తో చూడడమంటే రైఫిల్‌ను దాని వైపు గురి పెట్టడమే, అక్కడ ఉన్నది కట్టెలు ఏరుకునే మనిషి కావచ్చు. కొండ అంచు మీద ఆకాశం నేపథ్యంగా నిలబడిన జంతువును ఎంత దగ్గరైనా కాల్చకండి. చిన్న .22 గుండే కిలోమీటరు దాటి పోగలదు, .308 సంగతి చెప్పనక్కరలేదు. చెవులకు రక్షణ మరవకండి, ఆ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.

జవాబు: మెత్తని వేలు

డంబెల్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు మాటలు. చేయి బలం పెంచితే మీ లోపం పోదు, కొంతకాలం కనబడకుండా దాక్కుంటుంది. నడుము, వీపు, కాళ్లకు ఓర్పు పెంచే వ్యాయామం మాత్రం నిజంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే పోటీలో 60 గుళ్లు పూర్తయ్యేవరకు అవే మిమ్మల్ని నిలబెట్టాలి.

ఇంటి దగ్గర చేయగలిగింది డ్రై ఫైరింగ్. గుళ్లు వేరే గదిలో పెట్టి, ఛాంబర్‌ను రెండుసార్లు చూసుకుని, ఖాళీ గోడ వైపు గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. టార్గెట్ లేనప్పుడు కన్ను ముందు సైట్‌నే చూస్తుంది, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో అది ఎటు తుళ్లిందో స్పష్టంగా తెలుస్తుంది. ఎవరినైనా గొట్టం మీద, మూతికి దగ్గరగా ఒక నాణెం పెట్టమనండి. రైఫిల్ మూతి వైపు నిలబడకుండా పక్కనుంచి పెట్టాలి. ట్రిగ్గర్ నొక్కినా నాణెం పడకపోతే మీ వేలు తిన్నగా వెనక్కి వస్తున్నట్టు. వేలి మొదటి కణుపులోని మెత్తని భాగమే ట్రిగ్గర్ మీద ఉండాలి. నొక్కిన తరువాత కూడా ఒక సెకను అలాగే గురిలో ఉండండి, గుండు ఎక్కడ పడిందో చూడాలన్న తొందరలో తల ఎత్తితే ఆ తొందరే గుండును లాగేస్తుంది. ఎయిర్ రైఫిల్‌కు డ్రై ఫైరింగ్ మీట ఉంటే అది వాడండి. .22లో ఖాళీగా నొక్కితే పిన్ను, ఛాంబర్ అంచు దెబ్బతినే అవకాశం ఉంది, డమ్మీ తూటా పెట్టుకోవాలి.

తిరుగు జవాబు: తొమ్మిదో వలయం

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. క్లిక్కులు వెనక్కి తిప్పి, కళ్లు మూసుకుని తెరిచి చూస్తే రైఫిల్ నా టార్గెట్ కార్డును దాటి ఎడమన గోడను చూస్తోంది. ఇన్నాళ్లూ అంత దూరం నుంచి లాక్కొస్తున్నానన్నమాట. కుడి మడమను కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగోసారికి సరిపెట్టుకున్నాను. మోచేయి తుంటి మీద కూర్చోవడానికి వారం పట్టింది, ఇప్పుడు 40 గుళ్లు కాల్చినా భుజం మండటం లేదు. ఎడమకు పోవడం దాదాపు ఆగింది. కాని కొత్తగా గ్రూప్ నిలువుగా సాగి, ఎక్కువ గుళ్లు కిందికి పడుతున్నాయి.

మా కోచ్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఆయన ఎందుకు మందలించారో ఇప్పుడు అర్థమైందని చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన మాటలకంటే లైను కాపరి గారు రాసిన ఆ తూటా నాకు ఎక్కువగా కళ్లకు కట్టింది. వేటకు ఈ ఏడాది రైఫిల్ పట్టకుండా బైనాక్యులర్‌తోనే వస్తానని మామయ్యకు చెప్పాను, ఆయన సంతోషించారు.

జవాబు: మోకాలి దిండు

చాలా సంతోషం. నిలువు సాగుడు కూడా అదే జబ్బు, దిక్కు మారింది. కళ్లు తెరిచినప్పుడు రైఫిల్ నల్లచుక్కకు కిందికి చూస్తూ ఉంటుంది, మీరు పైకి ఎత్తి పట్టుకుంటున్నారు. దీనికి పాదం తిప్పితే లాభం లేదు. ఎడమ చేతిని ట్రిగ్గర్ వైపుకు అర సెంటీమీటరు జరపండి, మూతి పైకి లేస్తుంది. పాదాలు అవసరానికి మించి ఎడంగా ఉన్నాయేమో కూడా చూడండి, ఎడం పెరిగే కొద్దీ మొత్తం నిలుపు కిందికి దిగుతుంది. ఒకసారికి ఒకటే మార్చి, 10 గుళ్లు కాల్చి, రాసుకుని, అప్పుడు రెండోది మార్చండి. ప్రతి గుండుకూ ఊపిరి ఒకే చోట ఆగుతోందా అన్నది కూడా పుస్తకంలో రాయండి, ఎందుకంటే ఛాతీ ఎత్తు మారితే మూతి ఎత్తు మారుతుంది.